పాత ఫోన్లలో దాచుకోవడానికి ఏది మేలు: బ్యాటరీ ఊడేదా, ఊడనిదా?

హనుమకొండ నుంచి, జగిత్యాల నుంచి, గోదావరిఖని నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది: "ఇంట్లో నాలుగైదు పాత సెల్లులున్నాయి, ఏది ఉంచుకోవాలె, ఏది తీసెయ్యాలె?" చాలా ఇళ్లలో వరస కూడా ఒకటే. దుబాయి నుంచి వచ్చిన నోకియా, దాని తర్వాత వెనక మూత ఊడే శాంసంగ్, ఆపైన అంతా అతికేసిన రెడ్‌మి. కెమెరా ఎంత, ర్యామ్ ఎంత అన్నది ఇక అనవసరం. బీరువాలోంచి తీసినప్పుడు ఫోను లేవాలి, అందులోని ఫొటోలు, నాయన గొంతు రికార్డింగులు బయటికి రావాలి. ఆ పని అయ్యేదీ కానిదీ ఎక్కువగా బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటుంది.

2003లో వచ్చిన నోకియా 1100 రకం ఫోన్లకు ఈ బాధ తక్కువ. వాటి బీఎల్-5సీ బ్యాటరీ ఇప్పటికీ దొరుకుతుంది. అదే బ్యాటరీతో నడిచే చిన్న రేడియోలు, స్పీకర్లు కూడా చాలా వచ్చాయి. కొనేటప్పుడు ఒక్కటి చూడండి: అసలుదాని సామర్థ్యం 1020 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఉంటుంది. అదే సైజు మీద 3000 అని అచ్చేసి ఉంటే ఆ అంకె అబద్ధం. పాతదాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పండి. గిర్రున తిరిగితే మధ్యలో ఉబ్బినట్టే, మళ్లీ ఫోనులో పెట్టకండి. ఉబ్బకపోయినా ఫోను ఆన్ కాకపోతే, బ్యాటరీ మీది రాగి రంగు చుక్కలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడండి. ఫోను లోపల బ్యాటరీకి తగిలే పిన్నులు అణిగిపోయి ఉంటే సూదిమొనతో కొద్దిగా పైకి లేపండి. కాల్స్ కోసం వాడాలనుకుంటే మాత్రం జియో సిమ్ పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ లేదు. నానో సిమ్‌కు జాకెట్ కూడా కావాలి.

నా ఓటు మాత్రం రెండో తరానికే. 2015 నాటి గెలాక్సీ జే2 లాంటివి. మూతను గోరుతో తీయొచ్చు, 2000 ఎంఏహెచ్ బ్యాటరీ చేతికొస్తుంది. ఫొటోలున్నాయి, వాట్సాప్ ఆడియోలున్నాయి, చాలావాటిలో మెమరీ కార్డు కూడా ఉంటుంది. దాచేటప్పుడు బ్యాటరీని సగం చార్జిలో ఉంచి, తీసి, విడిగా కాగితంలో చుట్టి పెడితే ఫోను ఏళ్లతరబడి నిలుస్తుంది. బ్యాటరీ పోయినా అదే మోడల్‌ది ఇంకొకటి పెట్టి డేటా తీసుకోవచ్చు.

అతికేసిన ఫోన్ల దగ్గరే అసలు తిప్పలు. స్విచాఫ్ చేసినా లోపలి సర్క్యూట్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. సెల్ వోల్టేజీ రెండున్నర దగ్గరికి పడిపోతే రక్షణ సర్క్యూట్ దారి మూసేస్తుంది. అప్పుడు చార్జర్ పెట్టినా తెర మీద ఏమీ కనబడదు, జనం "ఫోను చచ్చిపోయింది" అనుకుంటారు. ముందు మంచి చార్జర్‌తో అరగంట, గంట, మనం దగ్గరుండి, వదిలి చూడాలి. లేవకపోతే షాపుల్లో డీసీ సప్లయి అనే యంత్రంతో బ్యాటరీకి నేరుగా కరెంటు ఎక్కిస్తారు, దాన్నే బూస్ట్ చేయడం అంటారు. కొద్ది నెలలు పక్కన పడి ఉన్నదైతే సరే. ఏళ్లతరబడి సున్నాలో ఉన్నదాన్ని బూస్ట్ చేయించొద్దు. లోపలి రాగి రేకు కరిగి, చార్జి ఎక్కేటప్పుడు షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కొత్త బ్యాటరీ వేయించడమే మంచిది.

వేయించేటప్పుడు ఎదురుగా నిలబడి చూడండి. వెనక భాగాన్ని వేడి చేసి జిగురు మెత్తబడ్డాకే తీయాలి. వేలిముద్ర సెన్సర్ వెనకుంటే, మూతను ఒక్క గుంజు గుంజగానే దాని సన్నని తీగల పట్టీ తెగిపోతుంది. మూత రాగానే మొదట విప్పాల్సింది బ్యాటరీ కనెక్టరే. ఆ తర్వాత మొనదేలిన ఇనుప సాధనం వాడకుండా ప్లాస్టిక్ కార్డుతో బ్యాటరీని లేపాలి. అది పలుచని సంచీ రకం, చిల్లు పడితే మంటే. ఒకసారి విప్పాక నీటి రక్షణ మునుపటిలా ఉండదు. ఇంకో మాట: 2015 తర్వాత వచ్చిన ఆండ్రాయిడ్లలో చాలావాటికి మెమరీ తాళం వేసి ఉంటుంది. ప్యాటర్న్ మరిచిపోతే బ్యాటరీ మార్చినా ఫొటోలు రావు. అది ఇప్పుడే ఒక కాగితం మీద రాసి ఫోను డబ్బాలో పెట్టండి.

మన ఎండలు ఈ లెక్కను ఇంకా బిగిస్తాయి. మే నెలలో రామగుండంలో, వరంగల్‌లో ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. లిథియం బ్యాటరీకి చార్జింగ్ 45 లోపే ఉండాలి. రేకుల ఇంట్లో, బండి డిక్కీలో, పౌచ్ తీయకుండా చార్జి పెడితే ముందు చార్జి ఎక్కే వేగం తగ్గుతుంది, తర్వాత ఉబ్బుతుంది. ఊడేదైతే మూత లేవడం చూసి తీసేస్తాం. అతికినదైతే తెర పక్కన సందు కనబడేదాకా తెలియదు. అందుకే దాచే ఫోన్లను పడమటి గోడ బీరువాలో కాకుండా, ఇంట్లో చల్లటి గదిలో, కింది అరలో పెట్టండి. అతికినవాటిని మూడు నెలలకోసారి తీసి సగం దాకా చార్జి చేయండి.

ట్యాబ్‌లు అతికిన ఫోన్ల కిందికే వస్తాయి. మడత ఫోన్లలో తీగల పట్టీ తెగినవాటికి ఖర్చు పెట్టడం దండగ. ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చేవి మూడో తరంవే, అంటే అతికేసినవే ఇవ్వండి, అదీ గూగుల్ ఖాతా తీసేసి, రీసెట్ కొట్టాకే. ఉబ్బిన బ్యాటరీ కొనలకు టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి, మున్సిపాలిటీ చెత్త బండిలో వేయొద్దు.