టొరంటో దీవులు: కార్లు లేని చోట నడిచి తిరిగిన అనుభవం

శ్రీకాకుళం నుంచి కెనడాలోని పిల్లల దగ్గరికి వెళ్లే మా ఊరి పెద్దలు అడిగినప్పుడల్లా నేను ఒకే మాట చెబుతాను: టొరంటో దీవులకు తప్పక వెళ్లండి, కానీ అందరూ దిగే సెంటర్ ఐలాండ్ రేవులో కాక వార్డ్స్ ఐలాండ్ రేవులో దిగండి. మా అబ్బాయి ఇంట్లో గడిపిన వేసవులలోనూ, ఒక చలికాలంలోనూ ఆ దీవులలో తిరిగిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయమిది.

చేరుకోవడం కష్టం కాదు. నగరపు ప్రధాన రైల్వే స్టేషన్ అయిన యూనియన్ స్టేషన్ నుంచి నెమ్మదిగా నడిచినా కాసేపటికే బే స్ట్రీట్ చివరనున్న జాక్ లేటన్ ఫెర్రీ టెర్మినల్ వస్తుంది. నావ ప్రయాణం సుమారు పావుగంట. బాథర్స్ట్ స్ట్రీట్ చివర విమానాశ్రయానికి వెళ్లే నావ, 2015లో తెరిచిన సొరంగ మార్గం కూడా ఉన్నాయి. అవి అదే దీవి పడమటి కొసకు తీసుకువెళ్లినా, అక్కడి నుంచి ఉద్యానవనంలోకి దారి లేదు.

వార్డ్స్ రేవులో దిగగానే చిన్న చిన్న ఇళ్లు, వాటి ముందు పూలతోటలు, సందులలో సైకిళ్లు కనిపిస్తాయి. ఈ ఇళ్లను కూల్చివేయాలని నగర పాలకులు చాలాకాలం పట్టుబట్టగా, నివాసులు ఏళ్ల తరబడి పోరాడి 1993 నాటి చట్టంతో 99 ఏళ్ల కౌలు హక్కు సాధించుకున్నారు. మనుషులు కాపురముంటున్న వీధులలో కారు హారన్ వినబడకపోవడం ఎంత హాయిగా ఉంటుందో, మన శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దాటడానికి అలవాటుపడిన వారికి నేను వేరుగా వివరించనక్కరలేదు. అక్కడి నుంచి దక్షిణపు ఒడ్డు వెంట చెక్కలు పరిచిన బాట మీద, ఒకవైపు ఒంటారియో సరస్సును చూస్తూ అరగంటకు పైగా నడిస్తే సెంటర్ ఐలాండ్ వస్తుంది. గాలి సముద్రపు గాలిలాగే వీస్తుంది గాని, అందులో ఉప్పు ఉండదు.

ఓపిక ఉన్నవారు ఇంకా పడమరకు వెళ్లి, 1808లో కట్టిన జిబ్రాల్టర్ పాయింట్ దీపస్తంభాన్ని చూడాలి. కట్టినప్పుడు అది నీటికి బాగా దగ్గరగా ఉండేది. తరువాత ఇసుక మేట వేయడంతో ఒడ్డే దూరంగా జరిగిపోయింది. అసలీ దీవులే తూర్పున ఉన్న స్కార్‌బరో కొండచరియల నుంచి కొట్టుకువచ్చిన ఇసుకతో ఏర్పడ్డాయి. ఒకప్పుడు నేలకు అతుక్కునే ఉన్న ఈ తిన్నెను 1858లో వచ్చిన తుఫాను తెంచివేసింది. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటును చూసినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

మనవలు వెంట ఉంటే మాత్రం సెంటర్ ఐలాండ్‌లోని పిల్లల వినోదశాల తప్పదు. నలుగురూ కూర్చుని తొక్కే నాలుగు చక్రాల బండ్లు కూడా అక్కడే అద్దెకు దొరుకుతాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ఒక్క రోజులో దీవి అంతా తిరగాలని అనుకోవద్దు. వార్డ్స్ నుంచి పడమటి వైపున్న హాన్లన్స్ పాయింట్ రేవు వరకు సుమారు ఐదు కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడానికి ఆటో దొరకదు. తినుబండారాల దుకాణాలు తక్కువ గనుక పులిహోర, మంచినీళ్లు వెంట తీసుకువెళ్లడం మేలు. చలికాలంలో వార్డ్స్ నావ ఒక్కటే నడుస్తుంది. జనం ఉండరు, దారులు జారుతాయి, పట్టున్న బూట్లు లేనిదే వెళ్లకూడదు.

టికెట్ పోయేటప్పుడే తీసుకుంటారు, తిరుగు ప్రయాణంలో అడగరు. అన్ని నావలూ ఒకే టెర్మినల్‌కు చేరతాయి గనుక, వేసవిలో ఒక రేవులో దిగి మరొక రేవులో ఎక్కవచ్చు. సెలవు రోజు సాయంత్రం సెంటర్ రేవులో వరుస చాంతాడంత ఉంటే, వార్డ్స్ వైపు వెనక్కి నడవడమే నయం.