కొత్త బైక్ రన్నింగ్-ఇన్: సిల్క్ బోర్డ్ ట్రాఫిక్కా, చిక్కబళ్ళాపురం రోడ్డా?

బెంగళూరు మారతహళ్ళిలో మనవాళ్ళెవరు కొత్త బైక్ కొన్నా ఇదే సందేహం: రన్నింగ్-ఇన్, అంటే కొత్త ఇంజిన్ భాగాలు కుదురుకునే మొదటి వెయ్యి కిలోమీటర్లు, ఆఫీసుకే తిప్పాలా, హైవే ఎక్కించాలా?

సిల్క్ బోర్డ్ జంక్షన్ వైపు రోజూ వెళ్తే గేర్లు మారుతూ, ఇంజిన్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అది మంచిదే. కానీ సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడితే ఇంజిన్‌కు వేడెక్కడమే మిగులుతుంది. పిస్టన్ రింగులు సిలిండర్ గోడ మీది సన్నటి గీతలకు ఒరుసుకుని కుదురుకోవాలంటే కాస్త లోడ్ పడాలి.

ఆ లోడ్ దేవనహళ్ళి దాటాక, చిక్కబళ్ళాపురం వెళ్ళే ఎన్‌హెచ్ 44 మీద తెల్లవారుజామున బాగా దొరుకుతుంది. అయితే రోడ్డు ఖాళీగా ఉంది కదా అని టాప్ గేర్‌లో గంటసేపు ఒకే వేగంతో పోకండి, అది ట్రాఫిక్ కన్నా చేటు. తరచూ వేగం మార్చాలి, మాన్యువల్‌లోని ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) హద్దు దాటకూడదు. (మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారిలోకి 2023 ఆగస్టు నుంచి బైకులకు ప్రవేశం లేదు.)

నా మొగ్గు హైవేకే. వారమంతా ఆఫీసుకు నడిపినా, ఆదివారం పొద్దున్నే ఒక వంద కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. ఎటు నడిపినా మొదటి సర్వీస్ ఆయిల్ మార్పు మాత్రం వాయిదా వేయొద్దు. కొత్త ఇంజిన్ అరుగుదలలో రాలిన లోహపు రజనంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది.