వనామీ చెరువు మీద టార్చి: ల్యూమెన్స్ సంగతి తర్వాత, ముందు రొయ్య పేగు రంగు కనపడాలి

భీమవరం పక్కన కాళ్ల మండలంలో వనామీ రొయ్యల చెరువులు చూసుకుంటాను. ఈ పనిలో సగం చీకట్లోనే జరుగుతుంది. రాత్రి మేత వేశాక, ఎంత తిన్నాయో తెలియడానికి నీళ్లలో పెట్టిన ట్రేలు ఎత్తి చూడాలి. అర్ధరాత్రి దాటాక నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూడాలి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఆక్సిజన్ మీటరు పట్టుకుని గట్టు మీద ఉండాలి. నీళ్లలో ఉండే పాచి పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయ్యేసరికి తిరిగి అదే పీల్చుకుంటుంది. అందుకే ఆ వేళకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ చీకట్లో గట్టు మీద ఏ కట్లపామో, రక్తపింజరో అడ్డం పడుకుని ఉంటుంది. సెల్‌ఫోన్ లైటుతో నెట్టుకొచ్చే పని కాదు ఇది.

నేను వాడే టార్చి కంపెనీ పేరు రాయను. ఈ మోడళ్లు ఊరికే మారిపోతుంటాయి, పేరు అదే ఉంటుంది, లోపల ఎల్‌ఈడీ వేరేది పడుతుంది. ఏమేం చూసి కొన్నానో చెబితే మీకు దొరికేదాంట్లో మీరే వెతుక్కోవచ్చు. నా దాంట్లో ఒకటే 18650 సైజు లిథియం సెల్, అదీ బయటికి తీసేది. టైప్-సీ చార్జింగు, అల్యూమినియం బాడీ, నీళ్లలో మునిగినా తట్టుకునే ఐపీఎక్స్8 రేటింగు, పక్కన నొక్కే స్విచ్చి, వెనక అయస్కాంతం. వెలుతురు రంగు 4000 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలంగా మారుతుంది), సీఆర్‌ఐ 90 పైన, దాని సంగతి కింద చెబుతాను. రెండు వేల ఐదొందల పైచిలుకు పడింది. పంటలు మారాయి కానీ టార్చి మారలేదు.

అందరూ ల్యూమెన్స్, అంటే టార్చి మొత్తం ఎంత వెలుతురు ఇస్తుందో, అది అడుగుతారు. నేను వెలుతురు రంగు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మా పనిలో డబ్బు పోయేది అక్కడే. ట్రే ఎత్తి రొయ్యని అరచేతిలో పెట్టుకుని చూస్తే వీపు పొడుగునా పేగు ఒక సన్నటి గీతలా, తిన్న మేత రంగులో కనపడాలి. తల భాగంలో లివర్ ముదురు గోధుమ రంగులో నిండుగా ఉండాలి. ఆ గీత తెగిపోతూ తెల్లబడినా, ట్రేలోనో నీళ్ల మీదో తెల్ల దారాల్లాంటి రెట్ట తేలినా వైట్ గట్ అనే పేగు జబ్బు మొదలైందని అర్థం. మేత తగ్గించాలి, నీళ్లు చూసుకోవాలి, ఆ రాత్రే నిర్ణయం తీసుకోవాలి. సంతలో దొరికే తెల్లటి టార్చీల్లో చాలావాటి వెలుతురు 6500 కెల్విన్, అంతకంటే నీలంగా కూడా ఉంటుంది. దాని కింద గోధుమ రంగు పాలిపోతుంది, అన్ని పేగులూ తెల్లగానే కనపడతాయి.

మా బావ చెరువు నా చెరువు పక్కనే. ఒకసారి అర్ధరాత్రి ఫోన్ చేసి, "ఒరే, వైట్ గట్ వచ్చేసిందిరా, ట్రేలో ఏది చూసినా అలాగే ఉంది" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. వెళ్లి అదే రొయ్య మీద నా టార్చి వేశాను. పేగు నిండా మేత, లివర్ మామూలుగానే ఉంది. ఆయన టార్చి వేస్తే మళ్లీ తెల్లగా, జబ్బు పడ్డట్టు ఉంది. మార్చి మార్చి వేసి చూపించి, "బావా, జబ్బు రొయ్యకి కాదు, నీ టార్చికి" అన్నాను. నవ్వలేదు గానీ మర్నాడు నా టార్చి వివరాలు అడిగి రాసుకున్నాడు.

సీఆర్‌ఐ అంటే ఒక వెలుతురు కింద రంగులు ఎంత సరిగ్గా కనపడతాయో చెప్పే అంకె, వందకి లెక్క. చవక ఎల్‌ఈడీలు డెబ్బై దగ్గర ఆగిపోతాయి. డబ్బా మీద సీఆర్‌ఐ ఊసే లేకపోతే డెబ్బై అనే అనుకోండి. కరెంటు పని చేసేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. ఎరుపు, పసుపు, నీలం వైర్లు పాతబడి మట్టి కొట్టుకున్నాక మామూలు టార్చి కింద ఎరుపేదో ముదురు గోధుమ ఏదో తేల్చుకోవడం కష్టం. పసుపు వైపు ఉండే వెలుతురుకి పురుగులు కూడా కాస్త తక్కువ వస్తాయి. వానాకాలం రాత్రుళ్లు గట్టు మీద నిలబడ్డవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. తలకి కట్టుకునే లైటు నేను మానేసింది కూడా అందుకే, పురుగులన్నీ మొహం మీదకే వస్తాయి.

ఇక ల్యూమెన్స్. భీమవరంలో ఒక షాపులో, "పది వేల ల్యూమెన్సండి, పన్నెండు గంటలు వస్తుందండి" అని చూపించారు. చిన్న లెక్క వేస్తే చాలు. మంచి 18650 సెల్ అంటే 3500 ఎంఏహెచ్, 3.6 వోల్టులు. గుణిస్తే పన్నెండున్నర వాట్-అవర్లు. మంచి టార్చిలో ఒక వాటుకి వంద ల్యూమెన్స్ వస్తాయనుకుందాం. అంటే మొత్తం సరుకు పన్నెండొందల యాభై ల్యూమెన్-గంటలు. వంద ల్యూమెన్స్ మీద పెడితే పన్నెండు గంటలు వస్తుంది, వెయ్యి మీద పెడితే గంటంపావు. పది వేల ల్యూమెన్స్ పన్నెండు గంటలు రావాలంటే ఇలాంటి సెల్స్ వంద దాకా మొయ్యాలి. అమ్మే కుర్రాడితో ఈ లెక్క చెబితే, "డబ్బా మీద అలాగే ఉందండి మరి" అన్నాడు. అతని తప్పేముంది.

నిజాయితీగల కంపెనీ డబ్బా మీద కూడా చదవాల్సిన తీరు ఒకటుంది. ఏఎన్‌ఎస్ఐ ఎఫ్ఎల్1 అని ఒక ప్రమాణం ఉంది, ఆ గుర్తులు ఉంటే అంకెలు నమ్మొచ్చు. కానీ అందులో గంటలు అంటే వెలుతురు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా. దూరం అంటే వెలుతురు పావు లక్స్‌కి తగ్గే చోటు, అంటే పున్నమి వెన్నెలంత. రెండొందల మీటర్లు అని రాసి ఉంటే అంత దూరంలో ఏరియేటర్ ఉందని తెలుస్తుంది గానీ, తిరుగుతోందో లేదో తెలియదు. అందులో సగం దూరమే పనికొస్తుందని లెక్కేసి కొనుక్కోండి, అక్కడ వెలుతురు నాలుగింతలు ఉంటుంది. హై మోడ్ కూడా ఎప్పుడూ కొద్ది నిమిషాలే, వేడెక్కగానే టార్చి తనంతట తనే తగ్గించుకుంటుంది. అలా తగ్గించుకోని టార్చి అయితేనే భయపడాలి.

చెప్పాలంటే హై మోడ్‌తో నాకు పని తక్కువ. ఎక్కువసేపు యాభై, వంద ల్యూమెన్స్ మీదే నడుస్తుంది. నీళ్ల మీద ఒక్కసారిగా గట్టి వెలుతురు పడితే వనామీ బెదిరి గాల్లోకి ఎగురుతుంది. గుల్ల విడిచిన రొయ్య ఒళ్లు మెత్తగా ఉంటుంది, అది బెదిరితే మనకే నష్టం. తక్కువ వెలుతురు పక్కవాటంగా వేస్తే అంచున తిరిగే రొయ్యల కళ్లు ఎర్రటి నిప్పురవ్వల్లా మెరుస్తాయి. ఎన్ని పైకొచ్చాయో, ఎంత చురుగ్గా కదులుతున్నాయో ఆ కళ్లని బట్టే తెలుస్తుంది. ఆక్సిజన్ తగ్గి తేలుతున్నాయా, ఊరికే తిరుగుతున్నాయా అన్న తేడా కూడా అక్కడే దొరుకుతుంది. అందుకని టార్చి కొనేటప్పుడు ఎంత ఎక్కువ వెలుగుతుందో అడిగినట్టే ఎంత తక్కువ వెలుగుతుందో కూడా అడగండి.

దీంతో పాటే స్విచ్చి. చవక టార్చీలు నొక్కినప్పుడల్లా హై, మీడియం, లో, తర్వాత టపటపా కొట్టుకునే స్ట్రోబ్, ఆపైన ఎస్ఓఎస్. ఆపాలంటే ఇవన్నీ దాటుకుని వెళ్లాలి. నిశిరాత్రి చెరువు మీద స్ట్రోబ్ కొట్టించిన పుణ్యాత్ముణ్ని ఎవరో గానీ మా వైపు పంపిస్తే బాగుండు. నాది ఒకసారి నొక్కితే కిందటిసారి పెట్టిన వెలుతురే వస్తుంది, పట్టుకుని నొక్కితే తగ్గుతుంది, పెరుగుతుంది. స్ట్రోబ్ ఉంది కానీ మూడుసార్లు గబగబా నొక్కితేనే వస్తుంది. చేతికి మేత నూనె, నీళ్లు ఉన్నా స్విచ్చి వేలికి తెలుస్తుంది.

సెల్ మాటకొస్తే, టార్చి కంటే ముందు పోయేది అదే, అందుకే బయటికి తీయగలిగేది కొనమంటాను. లోపలే అతికించేసినవి ఎంత అందంగా ఉన్నా, సెల్ పోయిన రోజు టార్చి పోయినట్టే. సొంత అయస్కాంతపు చార్జింగు వైరుతో వచ్చేవి కూడా వద్దు, ఆ వైరు ఎలుక కొరికితే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? విడిగా సెల్ కొంటే అంకె చూసి మోసపోకండి. 18650 సైజులో 3500, 3600 ఎంఏహెచ్‌కి మించి రావడం అరుదు. 6800 అనో 9900 అనో రాసి ఉంటే లోపల సరుకు లేనట్టే. తూకం వేయండి. నిజమైన సెల్ ఇంచుమించు నలభై అయిదు గ్రాములో, ఆ పైనో ఉంటుంది. నేను షెడ్డులో మినరల్స్ తూచే చిన్న కాటా మీద పెట్టి చూస్తాను, దొంగ సెల్స్ అక్కడే బయటపడతాయి. స్పేర్ సెల్ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి. తాళాలతో కలిపి జేబులో వేస్తే షార్టయి మంట రేగుతుంది, లిథియంతో ఆటలొద్దు.

నీళ్ల విషయంలో ఐపీఎక్స్4 అంటే చినుకులకే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట. మా చెరువులు అంతకంటే కొంచెం లోతే ఉంటాయి కాబట్టి ఐపీఎక్స్8 చూశాను. అక్కరకొచ్చింది కూడా. ట్రే తాడు లాగుతుంటే చంకలోంచి జారి పడిపోయింది, వెలుగుతూనే. పచ్చటి నీళ్ల అడుగున గుండ్రంగా ఒక కాంతి, దాని చుట్టూ పాచి నలుసులు తిరుగుతున్నాయి, ఏదో జీవి అనుకుని రొయ్యలు దూరంగా జరుగుతున్నాయి. మా కుర్రాడు దిగి కాలితో వెతికి తీశాడు. లోపల చుక్క నీరు లేదు. అయితే ఆ పరీక్షలన్నీ మంచినీళ్లలో చేసేవి. మావి ఉప్పు బోరు నీళ్లు, కాబట్టి ఇలా పడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఆరాక మూత విప్పి తుడవాలి. లేకపోతే స్ప్రింగు మీద పచ్చటి చిలుము పడుతుంది. ముందుకీ వెనక్కీ లాగే జూమ్ టార్చీలు మా పనికి దండగ. లాగినప్పుడల్లా గాలితో పాటు తేమ కూడా లోపలికి పోతుంది.

వెనకున్న అయస్కాంతం మొదట్లో ఆటవస్తువు అనుకున్నాను. ఇప్పుడు స్టార్టర్ డబ్బా దగ్గర రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే అదే దిక్కు. పళ్ల మధ్య టార్చి పట్టుకుని ఫ్యూజు వేసే రోజులు పోయాయి. ఒక్క జాగ్రత్త: డబ్బా తలుపు బయట అతికించాలి, లోపల కాదు. అల్యూమినియం బాడీ జారి ఫేజుల మధ్య పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దీంట్లో నచ్చనివీ ఉన్నాయి. చార్జింగు రంధ్రం మీది రబ్బరు మూత వదులైపోయింది, బురద చేతులతో తెరిచి మూసే మాకు అది నిలవదు. టైప్-సీ రెండు వైపులా ఉన్న కేబులుతో చార్జింగు ఎక్కదు, పాత పెద్ద యూఎస్‌బీ చార్జరే కావాలి. చవక వస్తువుల్లో ఇది మామూలే, రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకపోవడం వల్ల వచ్చే తంటా. నిండటానికి మూడు గంటల పైనే పడుతుంది. నునుపుగా ఉండటంతో తడి చేతిలో జారుతుంది. సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను.

లెడ్ యాసిడ్ బ్యాటరీతో వచ్చే, ముందు భాగం పెద్దగా ఉండే చేతి టార్చీలని తీసిపారేయను. దూరం బాగా కొడతాయి, 4 వోల్టుల బ్యాటరీ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఏ రేడియో రిపేరు షాపులోనైనా మార్చి ఇస్తారు. వాటి జబ్బు ఒకటే, చార్జింగు అయిపోయిన బ్యాటరీని అలా వదిలేస్తే సల్ఫేటు పట్టి చచ్చిపోతుంది. పంట తీసేసి చెరువు ఎండబెట్టిన నెలల్లో షెడ్డులో మూలన పడేసే మాలాంటివాళ్ల దగ్గర అవి ఎక్కువ కాలం బతకవు. ఏటా కాపలా అబ్బాయి కోసం ఒకటి కొంటూనే ఉన్నాం. ఈసారి అతనికీ 18650దే తీసుకుందామనుకుంటున్నాను, సెల్స్ ఇద్దరికీ కలుస్తాయి కదా.

విడిభాగాల్లో ఇబ్బంది పెట్టింది మూత దగ్గరి ఓ-రింగు ఒక్కటే. ఎండిపోయి పగుళ్లు వచ్చింది, కంపెనీవాళ్ల దగ్గర ఆ సైజు విడిగా అమ్మరట. పాత రింగు తీసుకుని ఉండి ఊరి సెంటర్లో పంపుసెట్లు బాగుచేసే షాపుకి వెళితే డబ్బాలోంచి సరిపోయేది వెతికి ఇచ్చారు, పది రూపాయలు. పెట్టేముందు కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి, మరలు కూడా సులువుగా తిరుగుతాయి.