పాత కాలేజీకి ఏమిద్దాం: గోల్డ్ మెడలా, శాశ్వత నిధా, మెస్ బిల్లా?

మా ఎంబీబీఎస్ బ్యాచ్ పాతికేళ్ల కలయిక దగ్గర పడింది. కాలేజీకి ఏదైనా చేద్దామని డాక్టర్లం అందరం అంటున్నాం. ఏం చేయాలన్న దగ్గరే మాట తెగడం లేదు. పది లక్షలు పోగవుతాయనుకుని లెక్క వేసి చూశాను.

అమ్మానాన్నల పేరు మీద గోల్డ్ మెడల్ పెట్టాలని కొందరి కోరిక. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ మెడల్ అందేది అప్పటికే గట్టెక్కిన విద్యార్థికి.

శాశ్వత నిధి అంతకంటే మేలు. పది లక్షలు ఏడు శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 70 వేలు వస్తాయి. అసలు కదలదు, మన తర్వాత కూడా నడుస్తుంది. మెస్‌కు నెలకు నాలుగు వేలనుకుంటే, ఒక విద్యార్థి తిండి, పుస్తకాలు ఆ వడ్డీతో గడిచిపోతాయి. అయితే ధరలు పెరుగుతాయి, వడ్డీ పెరగదు. పైగా కమిటీ కూర్చుని, సంతకాలయ్యి, చెక్కు వచ్చేసరికి ఆ ఏడాది దాటిపోతుంది.

అదే డబ్బు నేరుగా ఖర్చు పెడితే? నాలుగున్నరేళ్లకు ఒకరి మెస్ బిల్లు 2,16,000. నలుగురికి కట్టేయగా పుస్తకాలకు ఇంకా లక్ష పైనే మిగులుతుంది. నిధి ద్వారా నలుగురు చదువు పూర్తి చేయాలంటే 18 ఏళ్లు పడుతుంది. ప్రభుత్వ కాలేజీలో కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజు ఏడాదికి వేలల్లోనే ఉంటుంది, రీయింబర్స్‌మెంట్ కూడా ఉంది. పిల్లలు నలిగిపోయేది పైఖర్చుల దగ్గరే.

నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. ఫస్టియర్‌లో మెస్ బకాయిల కాగితం నోటీసు బోర్డు మీద అంటించేవారు. అందులో నా పేరు చూసుకున్న రోజు భోజనానికి వెళ్లలేదు. అనాటమీ చదవడానికి కావలసిన ఎముకల సెట్ (బోన్ సెట్) కొనే స్తోమత కూడా లేదు. ఒక సీనియర్ తన సెట్‌ను బియ్యం సంచిలో పెట్టి తెచ్చి, "డబ్బులొద్దు, వచ్చే ఏడు నీ జూనియర్‌కిచ్చెయ్" అన్నాడు. తొడ ఎముక మీద కండరాలు అతుక్కునే చోట్లు అతను ఎర్ర పెన్సిల్‌తో గీసి ఉంచాడు. ఆ గీతలు చూస్తూనే నేను అనాటమీ పాసయ్యాను.

పెద్ద మొత్తం ఇవ్వగలవారి సంగతి వేరు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ ఉమ గవిని 2022లో అక్కడి ప్రభుత్వాసుపత్రి మాతా శిశు విభాగానికి 20 కోట్లు ప్రకటించారు. బోధనాసుపత్రిలో వార్డు బాగుపడితే రోగులతో పాటు విద్యార్థులకూ మేలే. మా పది లక్షలకు మాత్రం నా ఓటు మెస్ బిల్లుకే.

ఒక్క జాగ్రత్త. అమెరికా పౌరసత్వం తీసుకున్న మిత్రులు మన పూర్వ విద్యార్థుల సంఘానికి పంపే డబ్బు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంఘం ద్వారానే అది రావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకు ఈ పేచీ లేదు.

గ్రూపులో నేనడిగింది ఒకటే. డబ్బు నేరుగా మెస్ ఖాతాకు కడదాం, స్టేజీ మీద చెక్కు పట్టుకుని ఆ పిల్లలతో ఫొటో వద్దు. ఎవరి బిల్లు కట్టామో వార్డెన్‌కు తెలిస్తే చాలు.