సలమంకాలో ఒక సెమిస్టర్: కుటుంబంతోనా, షేరింగ్ ఫ్లాట్‌లోనా?

1218లో పుట్టిన యూనివర్సిటీ ఉన్న ఈ స్పెయిన్ ఊళ్లో చాలావరకు నడిచే తిరగొచ్చు. కాబట్టి బస్సు ఖర్చుల టెన్షన్ లేదు. బడ్జెట్‌ని తేల్చేది ఇల్లే.

స్థానిక కుటుంబంతో ఉంటే అద్దె, భోజనం కలిపి ఒకే మొత్తం కట్టేస్తారు. నెలాఖరు లెక్కలుండవు. కానీ మధ్యాహ్న భోజనం రెండు దాటాకే, రాత్రిది తొమ్మిది దాటాకే. మధ్యలో ఆకలేస్తే జేబులోంచే. శాకాహారులైతే గుడ్డు, చేప సంగతి కూడా విడమరిచి ముందే చెప్పాలి, లేదంటే పప్పులోనూ చోరిసో (పంది మాంసం సాసేజ్) ముక్కలు తేలతాయి!

ఫ్లాట్‌లో గది అద్దె చూడ్డానికి తక్కువే. దానికి నెల అడ్వాన్సు, కరెంటు, ఇంటర్నెట్, హీటింగ్ కలపండి. ఊరు దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి చలికి హీటింగ్ లేకుండా కుదరదు. అది బిల్డింగంతటికీ కలిపి ఉండే సెంట్రల్‌దా, మీ ఫ్లాట్‌కి విడి మీటరా అని అడిగాకే సంతకం పెట్టండి. చాలామంది ఓనర్లు సెప్టెంబరు నుంచి జూన్ దాకా ఉండేవాళ్లనే కోరుకుంటారు, ఐదు నెలలకే అంటే మొహం చిట్లిస్తారు.

వీసాకి 2025లో ఖర్చులకి నెలకు 600 యూరోల చొప్పున డబ్బుందని చూపించాల్సి వచ్చేది. బసకి ముందే కట్టేస్తే ఆ మేరకు తగ్గే వీలుంది, ఇది కుటుంబానికి ప్లస్. భాష కోసం వెళ్తుంటే నా ఓటూ అటే. వంట వచ్చి, సెప్టెంబరు నుంచి మొదలయ్యే సెమిస్టరై, ఐదు నెలలకి ఒప్పుకునే ఓనర్ దొరికితే మాత్రం ఫ్లాట్ చూసుకోండి.