ట్యాగ్ రగ్బీ కిట్: ఆర్కే బీచ్ ఇసుకలో ఎలా ఉంది?
ఎనిమిదేళ్ల లోపు పిల్లలకైతే ధైర్యంగా కొనొచ్చు. ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం అండర్-7, అండర్-8 ఆటల్లో టాకిల్ (బంతి ఉన్నవారిని పట్టి పడేయడం) ఉండదు. నడుము బెల్టుకు ఇరుపక్కలా పట్టీల్లా వేలాడే ట్యాగుల్లో ఒకటి లాగితే చాలు, బంతి ఉన్నవారు ఆగి 3 సెకన్లలో పాస్ ఇవ్వాలి. లాగినవారు ట్యాగ్ తిరిగి చేతికివ్వాలి. అండర్-7కి జట్టుకు నలుగురు, అండర్-8కి ఆరుగురు. కిట్‌లోని 12 బెల్టులు రెండు అండర్-8 జట్లకు సరిగ్గా సరిపోతాయి.

కిట్‌లోని బంతి 3వ సైజు. అండర్-10 నుంచి 4, అండర్-15 నుంచి 5 కావాలి. చవకగా దొరికిందని పెద్ద బంతి చిన్న చేతుల్లో పెట్టకండి, పట్టు చిక్కదు.

అసలు లోపం ట్యాగుల్ని బెల్టుకు అంటించే వెల్క్రోది. తడి ఇసుక కొక్కేల్లో ఇరుక్కుంటే, పరుగెడుతుండగానే ట్యాగ్ ఊడిపోతుంది. ఆట అయ్యాక మంచినీళ్లతో కడిగి, ఆరాక పాత టూత్‌బ్రష్‌తో దులపాలి. చొక్కా లోపలికి దోపాలి, లేదంటే ట్యాగులు కనబడవు.