నాలుగేళ్లుగా ఈ గాజు పలక మీద: రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత ఇంటి బరువు యంత్రంతో నా అనుభవం

కీమో ఎక్కించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ముందు బరువు చూసేవారు. మందు మోతాదును ఎత్తు, బరువులను బట్టి లెక్కగడతారు కాబట్టి ఆ అంకె తప్పనిసరి. "బరువు తగ్గలేదమ్మా, మంచిదే" అంటూ నర్సు రాసుకుంటుంటే పరీక్ష గట్టెక్కినంత సంబరంగా ఉండేది. రెండేళ్లు తిరక్కుండానే అదే గదిలో, అదే యంత్రం మీద నిలబడితే "బరువు తగ్గాలమ్మా" అన్నారు. ఆ రెండు మాటల మధ్య నేను పదకొండు కిలోలు పెరిగాను. ఆపరేషన్ నాటికి 66, ఆ రోజుకి 77.

ఆ వారమే ఇంటికి ఒక బరువు యంత్రం తెచ్చుకున్నాను. నల్ల గాజు పలక, నాలుగు మూలలా మెరిసే లోహపు బిళ్లలు. ఫోనుకు కలుస్తుంది. బరువుతో పాటు కొవ్వు శాతం, కండ శాతం, నీటి శాతం, ఎముకల బరువు, చివరికి "శరీర వయసు" కూడా చెబుతుంది. అప్పటికి నాకు 56 ఏళ్లు. మొదటి రోజే 68 అని తేల్చేసింది. ఏ సంస్థదో చెప్పను. ఈ రకం యంత్రాలన్నీ దాదాపు ఒకే సూత్రం మీద పనిచేస్తాయి, నా ఫిర్యాదు కూడా ఆ సూత్రం మీదే.

అసలు ఈ బరువు ఎలా వచ్చిందో ముందు చెబితే, యంత్రం ఎక్కడ తప్పటడుగు వేస్తుందో తేలిగ్గా తెలుస్తుంది.

నేను తిండి ఎక్కువై లావెక్కలేదని అందరితో అనేదాన్ని. అది పూర్తిగా నిజం కాదు. వికారం, అలర్జీ రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పడిన రెండు మూడు రోజులూ అర్ధరాత్రి లేచి వంటింట్లో డబ్బాలు వెతికేదాన్ని. మిగతా రోజులు మంచానికే అంటుకుపోయేదాన్ని. మూడు వారాలకొకటి చొప్పున 4 విడతలు, తర్వాత వారానికొకటి చొప్పున ప్యాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు 12 విడతలు. దాదాపు ఆరు నెలల పాటు ఒళ్లు కదలక తొడల్లో కండ కరిగింది, కొవ్వు చేరింది. కండ కరిగితే ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది. అంటే చికిత్సకు ముందు సరిపోయిన తిండే ఇప్పుడు ఎక్కువన్నమాట. ఆ తర్వాత రేడియేషన్ 15 రోజులు, ఆపైన క్యాన్సర్ తిరిగి రాకుండా ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర రోజుకొకటి, 2.5 మిల్లీగ్రాములు, ఐదేళ్లు.

లావెక్కిన వాళ్లందరూ నేరం ఈ మాత్ర మీదే మోపుతారు. నేనూ మోపాను. అయితే క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న స్త్రీలకు టామోక్సిఫెన్, అనాస్ట్రజోల్ వంటి హార్మోన్ మాత్రలే ఇచ్చి, మరికొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చిన పెద్ద అధ్యయనాల్లో రెండు వైపులా బరువు దాదాపు ఒకే తీరులో మారింది. అది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఎందుకంటే తిట్టుకోవడానికి చేతిలో ఉన్నది అదొక్కటే. అలాగని మాత్ర నిర్దోషి అనను. నాకు వేళ్ల కణుపులు, మోకాళ్లు పొద్దున్నే బిగుసుకుపోయేవి. రాత్రి నాలుగుసార్లు వేడి ఆవిర్లు వచ్చి దుప్పటి తన్నేసి లేచేదాన్ని. నిద్ర చాలని మనిషికి మర్నాడు నడక మీద కంటే తీపి మీదే మనసు పోతుంది. కీమో మిగిల్చిన అరికాళ్ల తిమ్మిరికని రాసిన గాబాపెంటిన్ మాత్ర కూడా బరువు పెంచగలదని ఏడాది దాకా నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. థైరాయిడ్ పరీక్ష మాత్రం శుభ్రంగా వచ్చింది. విచిత్రంగా, దానికి కాస్త నిరాశపడ్డాను.

ఇక యంత్రం సంగతి. అది నిజంగా కొలిచేది బరువు ఒక్కటే. కొవ్వు, కండ శాతాలు చెప్పడానికి ఒక అరికాలి నుంచి మరో అరికాలికి మనకు తెలియనంత సన్నని విద్యుత్తు పంపుతుంది. నీరున్న కండ గుండా విద్యుత్తు సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఆ అడ్డును కొలిచి, మనం ఫోనులో నింపిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరాలను కలిపి, ఒక సూత్రంతో మిగతాదంతా ఊహిస్తుంది. విద్యుత్తు ఒక కాలెక్కి రెండో కాలు దిగుతుంది కాబట్టి అది ఎక్కువగా చూసేది నడుము కింది భాగాన్నే. పైభాగం లెక్కలో తేలేదే. చంకలో లింఫు గ్రంథులు తీశాక నా ఎడమ చెయ్యి వాచింది, పొద్దున లేవగానే దానికి బిగుతు తొడుగు వేసుకుంటాను. ఆ చెయ్యి ఒకటుందని కూడా ఈ యంత్రానికి తెలియదు. ఎముకల బరువు కూడా ఊహే. లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుందని విని, ఈ పలక చూపే అంకెను చూసి ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ ఉంది, అది చేయించుకోవాలి. గాజు పలక చెప్పదు.

మొదటి ఏడాది నన్ను ఇది బాగా పెడదారి పట్టించింది. ఫోనులో కేలరీలు లెక్కపెట్టే ఏర్పాటు ఒకటి పెట్టుకుని రోజుకు 1200 మించకుండా తిన్నాను. మూడు నెలల్లో 5 కిలోలు దిగాను. దిగిన ప్రతిసారీ తెర మీద ఆకుపచ్చ కాగితపు ముక్కలు రాలేవి. కండ శాతం పెరిగిందని కూడా చూపించింది. ఒకరోజు సాయంత్రం బట్టలు మడతపెట్టడానికి నేల మీద కూర్చున్నాను. పని అయ్యాక లేవలేకపోయాను. మంచం కోడు పట్టుకుని, మోకాలి మీద ఆగి, రెండోసారికి లేచాను. కండ పెరిగిన మనిషి లేచే తీరు కాదది. ఆ తర్వాత ఆరు నెలల్లో ఆ 5 కిలోలూ వచ్చాయి, వెంట మరో కిలో కూడా తెచ్చుకున్నాయి. 78.

రెండో ఏడాది ఇంకో విచిత్రం. మూడు వారాల పాటు రోజూ 76.8. గ్రాము కదలదు. ఇక నా ఒళ్లు మొరాయించిందని నిర్ణయించుకుని, ఒక పూట తిండి మానేద్దామా అని ఆలోచిస్తుంటే మా అమ్మాయి చేతిలో నీళ్ల సీసా పెట్టి "ఇప్పుడు ఎక్కమ్మా" అంది. ఎక్కాను. 76.8. పావు లీటరు నీళ్లు పట్టుకున్నా అదే అంకె! కొన్ని యంత్రాలు కొత్త బరువు పాత బరువుకు దగ్గరగా ఉంటే నిలకడగా కనిపించడం కోసం పాత అంకెనే మళ్లీ చూపిస్తాయట. నాది ఆ రకం. మధ్యలో బరువైన సంచి ఒకటి పెట్టి తీస్తే ఆ జ్ఞాపకం పోతుంది. అలా చేసి ఎక్కితే 76.3 వచ్చింది. నన్ను ఏడిపించిన మూడు వారాల్లో నేను అరకిలో తగ్గే ఉన్నాను. కొనేముందు ఈ సీసా పరీక్ష తప్పక చేయండి. అంగట్లో ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.

మూడో సంఘటన గురించి ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడలేదు. ఒక ఉదయం ఎక్కితే మూడు కిలోలు తక్కువ చూపించింది. రెండేళ్లుగా ఆ అంకె కోసమే పాకులాడినదాన్ని, చూడగానే గోడ పట్టుకున్నాను. క్యాన్సర్ వచ్చిపోయిన మనిషికి కారణం లేకుండా బరువు తగ్గడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పెరిగితే బాధ, తగ్గితే భయం. ఆసుపత్రికి ఫోను చేసి ఆ మధ్యాహ్నానికే సమయం తీసుకున్నాను. అక్కడ తూస్తే పాత బరువే. ఇంటికొచ్చి చూస్తే, గది తుడిచిన వాళ్లు పలకను మెత్తటి చాప మీద పెట్టారు. గట్టి నేల మీద తప్ప ఇవి సరిగా చెప్పవు. ఆ రోజు నుంచి గచ్చు మీద పలక చుట్టూ నాలుగు సుద్ద గీతలు గీసి ఉంచాను.

నాకు పనికొచ్చింది యంత్రం కాదు, ఒక ఫిజియోథెరపిస్టు. నేను వెళ్లింది చెయ్యి వాపుకి. ఆమె నన్ను చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద పెట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో లెక్కపెట్టింది. తొమ్మిది. "బరువు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు దీన్ని పెంచుదాం" అంది. వాచిన చేత్తో బరువులెత్తకూడదని అప్పటిదాకా అందరూ నన్ను భయపెట్టారు, పాల ప్యాకెట్ కూడా మోయనిచ్చేవారు కాదు. నిజానికి చెయ్యి వాపు ఉన్న 141 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం 2009లోనే వచ్చింది: పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులెత్తిన వాళ్లకు వాపు పెరగలేదు, ఉన్నట్టుండి ముదరడం కూడా తగ్గింది. అందులో తొడుగు వేసుకునే చేశారు, నేనూ అంతే. గుండె మీద ప్రభావం చూపే కీమో మందు పడింది కాబట్టి ముందుగా ఎకో తీయించుకున్నాను.

రబ్బరు పట్టీలతో, అరకిలో డంబెల్స్‌తో మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు ఇవి, మిగతా రోజుల్లో మొత్తం 150 నిమిషాల నడక. ఇదే లెక్కతో ఏడాది పాటు వ్యాయామం చేయించిన మరో అధ్యయనంలో లెట్రోజోల్ తరగతి మాత్రల వల్ల వచ్చే కీళ్ల నొప్పులు సుమారు 30 శాతం తగ్గాయి. నావి ఎంత శాతం తగ్గాయో తెలియదు గానీ, నాలుగో నెలకి సీసా మూత నేనే తిప్పుకోగలిగాను. తిండి విషయంలో పోషకాహార నిపుణురాలు కోతలు పెట్టలేదు. బరువులో కిలోకి ఒక గ్రాముకు తగ్గకుండా ప్రోటీన్ తినమంది, అది మూడు పూటలకూ పంచుకోమంది, రాత్రి తినే వేళ ముందుకు జరపమంది. డాక్టరుతో మాట్లాడి గాబాపెంటిన్ మెల్లగా ఆపించుకున్నాను.

ఆ ఏడాది మొత్తం మీద తగ్గింది రెండు కిలోలే. నడుము కొలత మాత్రం, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు పెట్టి చూస్తే, ఏడు సెంటీమీటర్లు తగ్గింది. కుర్చీ లెక్క పద్నాలుగు. యంత్రం మాత్రం కండ శాతం తగ్గిందంది!

ఇప్పుడు నా బరువు 70.5. యంత్రం కొన్న నాటి నుంచి నాలుగేళ్లలో ఆరున్నర కిలోలు, అంటే సగటున నెలకు 135 గ్రాములు. ఒంట్లో నీటి వల్ల నా బరువు పొద్దుటికీ రాత్రికీ మధ్య కిలోకి పైగా ఊగుతుంది. నెలకు 135 గ్రాముల మార్పును రోజూ కిలో ఊగే అంకెలో వెతుక్కున్నాను. అందుకే దొరకలేదు. నాకు పట్టుదల లేదని అనుకున్న ఆ రోజులన్నీ ఈ కూడికలు, తీసివేతలు రాక పోయినవే. అమెరికా, కెనడాల్లో రొమ్ము క్యాన్సర్ వచ్చి, బరువు ఎక్కువున్న మూడు వేలకు పైగా స్త్రీలతో చేసిన పెద్ద అధ్యయనంలో, ఫోనులో ప్రత్యేకంగా సలహాదారులను పెట్టి సాయం చేస్తేనే మొదటి ఏడాదిలో సగటున తగ్గింది ఐదు శాతం లోపే. ఆరోగ్య సమాచారం మాత్రమే అందిన వాళ్లు కాస్త పెరిగారు కూడా. ఆ సంగతి మొదటే ఎవరైనా చెప్పి ఉంటే మూడు నెలల్లో పది కిలోలని గోడ మీద రాసుకునేదాన్ని కాదు.

యంత్రానికి ఒక్క మంచి మార్కు వేయాలి. కొన్న కొత్తలో ఎక్కినప్పుడు అరికాళ్లకు గాజు తగిలినట్టే ఉండేది కాదు. ప్యాక్లిటాక్సెల్ తిమ్మిరి. కాళ్లు సరిగ్గా బిళ్లల మీద ఉన్నాయో లేదో వంగి చూసుకోవలసి వచ్చేది. మూడో చలికాలంలో ఒక తెల్లవారుజామున ఎక్కి, చల్లగా జివ్వుమంటే చటుక్కున దిగిపోయాను. ఆ రోజు బరువెంతో చూసుకోలేదు.

కొనాలా వద్దా అంటే, శాతాలు, శరీర వయసు చెప్పే ఖరీదైన రకం వద్దు. బరువు మాత్రం చూపే మామూలుది చాలు, సీసా పరీక్షలో నెగ్గితే. వారానికి ఒకే రోజు, లేచి బాత్రూంకి వెళ్లొచ్చాక, నేల మీదే పెట్టి ఎక్కండి. నాలుగు వారాల సగటును అంతకు ముందు నాలుగు వారాల సగటుతో పోల్చండి. ఫోనుకు కలిపే ఏర్పాటు నేను తీసేశాను. ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు విద్యుత్తు పంపే రకం అసలు ఎక్కకూడదు. కీమో ఇంకా నడుస్తున్న వాళ్లు ఏదీ కొనకండి. ఆసుపత్రిలో ఎలాగూ చూస్తారు, అప్పుడు బరువు తగ్గకపోతే సంతోషించండి.